వంతవాద్యం విలువ

మన భాషలో వంత పాడటమంటే తిట్టు. పెద్దవాడు అన్న ప్రతి మాటకూ తల ఊపేవాణ్ణి వంత పాడుతున్నాడంటాం, తందాన తాన అంటున్నాడంటాం. కాని ఈ మాటలు పుట్టిన చోటికి వెళ్ళి చూస్తే సంగతి వేరుగా కనబడుతుంది. బుర్రకథలో కథకుడు నడుమ నిలబడి తంబురా మీటుతూ కథ నడుపుతాడు. డక్కీలు పట్టుకుని అటొకరూ ఇటొకరూ వంతలు నిలబడతారు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. వాళ్ళ డక్కీ తడబడితే కథకుడి అడుగు తడబడుతుంది. వాళ్ళు అందుకున్నప్పుడే అతనికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా బుర్రకథలు చెప్పి జనాన్ని కదిలించాయంటే, ఆ కదలికలో వంతల పాలు తక్కువది కాదు. అయినా భాషలో మిగిలింది మాత్రం తిట్టే.

ఇది యాదృచ్ఛికం అనుకోనక్కరలేదు. ముందు నిలబడ్డవాడికి కీర్తీ, పక్కన నిలబడ్డవాడికి కూలీ ఇచ్చే సమాజం తన తీర్పును భాషలో కూడా రాసిపెట్టుకుంటుంది. ఆ తీర్పు ఒక్క మన సమాజానిదే కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజల మధ్య పెరిగి, రికార్డుల ద్వారా ప్రపంచమంతా వ్యాపించిన ఒక వాద్యకళ విషయంలో కూడా అదే తీర్పు జరిగింది. ఆ కళ రిథమ్ గిటారు. పడమటి పాట వినే మన విద్యార్థులు గిటారు అనగానే ముందుకు వచ్చి, కళ్ళు మూసుకుని, తీగల చివరిదాకా వేళ్ళు పరిగెత్తించే ఏకవ్యక్తి విన్యాసాన్నే తలుచుకుంటారు. అతని వెనక రెండు మూడు కార్డులనే పాటంతా తిప్పి తిప్పి కొట్టే మనిషిని ఎవరూ తలుచుకోరు. వాద్యకారుల్లో మాత్రం ఈ రెండో మనిషికి పెద్ద అభిమానులున్నారు. ఆ అభిమానానికి కారణమేమిటో, అందులో మనం నేర్చుకోవలసిందేమిటో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఆ పని ఎలాంటిదో తెలుసుకోవాలి. కొన్ని స్వరాల్ని ఒకేసారి మోగిస్తే కార్డు అవుతుంది. కార్డులు పట్టటం నేర్చుకున్న ప్రతివాడూ రిథమ్ గిటారు వచ్చేసిందనుకుంటాడు. కాని కార్డు పట్టటం ఎడమచేతి పని. లయ నిలబెట్టటం రెండు చేతులూ కలిసి చేసే పని. మంచి వాద్యకారుడి కుడిచెయ్యి పాట మొదలయినప్పటి నుంచి ముగిసేదాకా పైకీ కిందికీ ఆగకుండా ఊగుతూనే ఉంటుంది. ఒక తాళావర్తంలో పదహారుసార్లు చెయ్యి కదిలితే, అందులో మోగేవి నాలుగో అయిదో కావచ్చు. తక్కినచోట్ల చెయ్యి తీగల్ని తాకకుండా పోతుంది, లేదా ఎడమచేతి వేళ్ళు కాస్త సడలి తీగల మోతను నొక్కేస్తాయి. అప్పుడు స్వరం లేని చిన్న గీరుడు మాత్రం వినబడుతుంది. అంటే చెయ్యి ఆగదు, మోత ఆగుతుంది. వినేవాడికి నిశ్శబ్దమనిపించే చోట కూడా వాద్యకారుడు పని చేస్తూనే ఉంటాడు. మోతల మధ్య ఖాళీలు అంత కొలతగా పడటానికి కారణం ఆ ఆగని చెయ్యే.

ఇలాంటి పని యంత్రం కూడా చెయ్యగలదు కదా అని అడగవచ్చు. లెక్క తప్పకుండా కొట్టటమే పని అయితే యంత్రమే బాగా చేస్తుంది. కాని బృందంలో కాలమనేది గోడ గడియారం మీద ఉండేది కాదు. డ్రమ్ములవాడు ఒక వెంట్రుకవాసి వెనక పడతాడు, బాస్ వాయించేవాడు ముందుకు తోస్తాడు, గాయకుడు మాటను సాగదీస్తాడు. వీళ్ళందరి మధ్య రాజీ కుదిర్చి, ఎవరి స్వేచ్ఛా చెడకుండా అందరికీ ఒక్క నడక కల్పించటం రిథమ్ గిటారు పని. ఇందుకు మొదట కావలసింది వేళ్ళ వేగం కాదు, చెవి. తాను వాయించేదానికన్నా పక్కవాడు వాయించేదాన్ని ఎక్కువగా వినగలవాడే ఈ పనికి తగినవాడు.

దీనికి ఫ్రెడ్డీ గ్రీన్‌ను మించిన ఉదాహరణ దొరకదు. 1911లో దక్షిణ కరొలీనాలోని చార్ల్స్‌టన్‌లో పుట్టిన ఈ నల్లజాతి వాద్యకారుడు 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో చేరాడు. 1984లో బేసీ చనిపోయాక కూడా ఆ బృందంతోనే ఉన్నాడు. 1987లో తాను చనిపోయేదాకా వాయిస్తూనే ఉన్నాడు. దాదాపు అర్ధశతాబ్దం. ఆ కాలమంతటిలో అతను ఒంటరిగా విన్యాసం చేసిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పదిహేనుమందికి పైగా ఉన్న బృందంలో, బాకాల హోరు మధ్య, కరెంటు అక్కరలేని మామూలు గిటారు పట్టుకుని ఆవర్తానికి నాలుగు దెబ్బలు కొట్టేవాడు. అంతే. అతని ఒక్కొక్క కార్డులో స్పష్టంగా మోగే స్వరాలు ఒకటో రెండో. తక్కిన తీగలు నొక్కుడు పడి లయ మాత్రమే ఇచ్చేవి. అతను కరెంటు గిటారు తెస్తే బృందంలోని వాళ్ళు దాన్ని పనిచెయ్యకుండా చేశారనే కథ ఒకటి జాజ్ లోకంలో చెప్పుకుంటారు. నిజమెంతైనా ఆ కథలో అర్థముంది. అతని గిటారు పెద్దగా వినబడటం వాళ్ళకు అక్కరలేదు. అది ఉండటం కావాలి.

బేసీ రికార్డులు మొదటిసారి వినేవాడికి గ్రీన్ గిటారు వినబడదు. రెండోసారి బాస్ మీద చెవి పెట్టి వింటే, బాస్ స్వరానికి ఒక కొస ఉన్నట్టు తోస్తుంది. మూడోసారి వింటే ఆ కొస గిటారని తెలుస్తుంది. ఆ తర్వాత దాన్ని వినకుండా ఉండటం సాధ్యం కాదు. రిథమ్ గిటారు ఆకర్షణలో సగం ఇదే. అది మన మీదికి వచ్చి పడదు, మన వినికిడిని పెంచుతుంది. ఇంతసేపూ పాట అనుకున్నది కేవలం గాయకుడి గొంతు కాదనీ, పదిమంది చేతులు కలిసి కట్టిన కట్టడమనీ చెవికి తెలిసివస్తుంది. సమష్టి కృషి గొప్పతనాన్ని గురించి మనం ఎన్నో ఉపన్యాసాలు విన్నాం. ఆ ఉపన్యాసాలు చెప్పలేనిదాన్ని గ్రీన్ గిటారు మూడు నిమిషాల్లో అనుభవానికి తెస్తుంది.

ఇంతటితో ఆగిపోతే ఇది కేవలం రసికుడి మెప్పుదల అవుతుంది. ఈ పనికి సమాజం కట్టిన విలువ ఎంత అనే ప్రశ్న కూడా అడగాలి.

గ్రీన్ పుట్టిన దక్షిణ కరొలీనాలోనే, అతను పుట్టటానికి నూట డెబ్బయ్యేళ్ళ కిందట, లయకు ఒక చట్టం చేశారు. 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరుగుబాటు చేసి డప్పులు మోగిస్తూ నడిచారు. మరుసటి ఏడు, 1740లో, అక్కడి వలస ప్రభుత్వం బానిసలకు డప్పులూ కొమ్ములూ నిషేధించింది. పాలకవర్గానికి లయ విలువ తెలియదనుకోవటం పొరపాటు. అది మనుషుల్ని ఒక్క అడుగు మీద నడిపించగలదని వాళ్ళకు బాగా తెలుసు. డప్పులు పోయినా లయ పోలేదు. అది అరచేతుల్లోకి, తొడల మీదికి, నేల మీద పాదాల్లోకి వచ్చింది. ఒళ్ళే వాద్యంగా చేసుకుని దరువు వేసే ఈ పద్ధతిని సాలమన్ నార్తప్ తన బానిస జీవితాన్ని గురించి 1853లో ప్రచురించిన పుస్తకంలో వర్ణించాడు. ఆ దరువులు తరతరాలుగా పిల్లల ఆటల్లో, పనిపాటల్లో, ప్రార్థనల్లో బతికాయి.

వాటిలో ఒకదాన్ని గిటారు మీదికి తెచ్చినవాడు బో డిడ్లీ. 1928లో మిసిసిపీలో పుట్టి, షికాగోలో పెరిగిన ఇతను 1955లో తన పేరుతోనే ఒక పాట రికార్డు చేశాడు. ఆ పాటలో కార్డులు మారటమనేది దాదాపు లేదు. ఉన్నదల్లా ఒక దరువు: మూడు దెబ్బలు, కాస్త విరామం, మళ్ళీ రెండు దెబ్బలు. అంతవరకూ గిటారు పాటను వెన్నంటి నడిచేది. ఇక్కడ పాటే గిటారు దరువు మీద ఎక్కి కూర్చుంది. రెండేళ్ళకు, 1957లో, బడ్డీ హాలీ అనే తెల్ల గాయకుడు అదే దరువు మీద ఒక పాట చేశాడు. 1964లో ఇంగ్లండు నుంచి రోలింగ్ స్టోన్స్ బృందం ఆ పాటను మళ్ళీ పాడి పేరు తెచ్చుకుంది. ఆ తర్వాత ఆ దరువు ఎక్కని రాక్ బృందం అరుదు. బో డిడ్లీ 2008లో చనిపోయేదాకా, తన దరువు మీద ఇంతమంది సంపాదించారనీ తనకు దక్కవలసింది దక్కలేదనీ చెబుతూనే ఉన్నాడు.

చట్టం అతనికి ఏమీ చెయ్యలేదు. ఎందుకంటే పాటలో మాటలకు హక్కుంది, వరసకు హక్కుంది. వాడుకలో ఉన్న దరువుకు హక్కు లేదు. ఈ చట్టం కాగితం మీద రాయగలిగినదాన్ని ఆస్తిగా గుర్తించటంతో మొదలయింది. కాగితం మీదికి సులువుగా వచ్చేది వరస; చేతిలో ఉండేది లయ. అంచేత రచన చేసినవాడు యజమాని అయ్యాడు, చేత్తో పని చేసినవాడు కూలీ అయ్యాడు. మేధాశ్రమకూ కాయశ్రమకూ మధ్య వర్గసమాజం గీసిన గీత పాట లోపలిదాకా వచ్చిందన్నమాట.

ఆ గీత ఎలా పనిచేస్తుందో డెట్రాయిట్ నగరంలో స్పష్టంగా చూడవచ్చు. మోటౌన్ రికార్డు కంపెనీ స్థాపించిన బెరీ గోర్డీ అంతకుముందు కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేసినవాడు. పాటలు తయారుచెయ్యటానికి ఆ పద్ధతే తనకు ఆదర్శమని అతనే చెప్పుకున్నాడు. పాట రాసేవాళ్ళు ఒక చోట, పాడేవాళ్ళు ఒక చోట, నాణ్యం చూసేవాళ్ళు మరొక చోట. అన్నిటికీ కింద, స్టూడియోలో, రాత్రింబవళ్ళు వాయించే బృందం ఒకటి. ఆ బృందంలో ముగ్గురు గిటారు వాద్యకారులు: రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా. ముగ్గురూ ఒకేసారి వాయించినా ఒకరికొకరు అడ్డు రాకపోవటం వాళ్ళ గొప్ప. మెస్సీనా రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ మేకు కొట్టినట్టు కొట్టేవాడు. వైట్ నిండుగా మోగే కార్డులు వేసేవాడు. విల్లిస్ ఆ రెంటి సందుల్లో నొక్కుడు స్వరాలతో నింపేవాడు. మూడు చేతులు కలిసి ఒకే గిటారు అనిపించేది.

1960లలో అమెరికాలో మారుమోగిన పాటల్లో ఎన్నో వీళ్ళ చేతుల మీదుగా వచ్చినవే. కాని రికార్డుల మీద వీళ్ళ పేర్లు లేవు. 1971లో మార్విన్ గే ఆల్బం ఒకటి వచ్చేదాకా ఆ బృందం పేర్లు అట్టల మీద అచ్చు కాలేదు. మరుసటి ఏడు కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. డెట్రాయిట్ వాద్యకారుల్లో చాలామంది వెనకబడిపోయారు. వీళ్ళ గురించి 2002లో వచ్చిన డాక్యుమెంటరీ చిత్రంలో రాబర్ట్ వైట్ సంగతి ఒకటి చెబుతారు. 1964లో టెంప్టేషన్స్ బృందం రికార్డు చేసిన "మై గర్ల్" పాట మొదట్లో గిటారు ఒక చిన్న స్వరమాల పలుకుతుంది. కోట్లమందికి అది కంఠస్థం. అది వైట్ చేతిది. ఎన్నో ఏళ్ళ తర్వాత అతను ఒక హోటల్లో కూర్చుని ఉండగా ఆ పాట వచ్చింది. అది వాయించింది తానేనని వడ్డించే కుర్రవాడితో చెప్పబోయి ఆగిపోయాడు. తినటానికి ఏం కావాలో మాత్రం చెప్పాడు. ఎవడో ముసలివాడు గొప్పలు పోతున్నాడనుకుంటాడేమోనని అతని సంకోచం. 1994లో వైట్ చనిపోయాడు, ఆ చిత్రం రాకముందే. తాను చేసిన పనిని తనదని చెప్పుకోటానికి కూడా సాహసించలేని స్థితి కన్న శ్రమ పరాయీకరణకు వేరే నిర్వచనం అక్కరలేదు.

ఇక్కడ మన పాఠకుల్లో కొందరు ఒక అభ్యంతరం లేవదీయవచ్చు. వెనక నిలబడి, తన్ను తాను తగ్గించుకుని, చెప్పిన పని చేసేవాణ్ణి ఇంతగా పొగడటం అభ్యుదయం ఎలా అవుతుంది? ఎవడి స్థానంలో వాడు ఉండాలనే పాత నీతినే ఇది కొత్త మాటల్లో చెప్పటం లేదా? ఇది గట్టి అభ్యంతరం. దీన్ని దాటవేసి రిథమ్ గిటారు గురించి మాట్లాడే హక్కు మనకు లేదు. దీనికి సమాధానం వెతకటానికి జేమ్స్ బ్రౌన్ బృందం చరిత్ర చూడాలి.

జిమ్మీ నోలెన్ 1965లో ఆ బృందంలో చేరాడు. ఆ ఏడు ఫిబ్రవరిలో రికార్డయిన "పాపాస్ గాట్ ఎ బ్రాండ్ న్యూ బ్యాగ్" పాటలో అతని గిటారు వినబడుతుంది. కార్డును నొక్కిపట్టి, కోడి నేలను కెలికినట్టు గీరుతూ, మధ్య మధ్య ఒక్కసారి వేళ్ళు బిగించి కొరడాలా మోగించే ఆ పద్ధతికి వాద్యకారులు కోడిగీరుడనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఫంక్ అనే సంగీతశాఖకు ఆ గీరుడు పునాది. ఆ బృందంలో గిటారు, బాకాలు, డ్రమ్ములు, చివరికి గాయకుడి గొంతు కూడా లయవాద్యాలే అయిపోయాయి. వినేవాడికి అంత ఐకమత్యం మరొకచోట దొరకదు. కాని ఆ ఐకమత్యం ఎలా వచ్చింది? తప్పు స్వరానికి జరిమానా, మెరుగు పెట్టని బూట్లకు జరిమానా, ఆలస్యానికి జరిమానా. వేదిక మీద వేళ్ళు చూపించి జరిమానా ఎంతో చెప్పే యజమాని ముందర ఆ బృందం వాయించేది. పాట హక్కు యజమాని పేరున ఉండేది.

1970 మార్చిలో ఆ బృందం జీతాల విషయంలో ఎదురు తిరిగింది. జార్జియా రాష్ట్రంలోని కొలంబస్‌లో కచేరీ జరగవలసి ఉంది. తమ కోరికలు తీరితేనే వాయిస్తామన్నారు. యజమాని చర్చలకు కూర్చోలేదు. సిన్సినాటీ నుంచి ఒక కుర్ర బృందాన్ని విమానంలో రప్పించాడు. అందులో రిథమ్ గిటారు ఫెల్ప్స్ కాలిన్స్‌ది, బాస్ అతని తమ్ముడు బూట్సీ కాలిన్స్‌ది. పాతవాళ్ళలో చాలామంది వెళ్ళిపోయారు. నోలెన్ కూడా వెళ్ళాడు. కొద్ది వారాలకే, ఏప్రిల్‌లో, ఆ కుర్రవాళ్ళతో "సెక్స్ మెషీన్" పాట రికార్డయింది. ఫెల్ప్స్ కాలిన్స్ గిటారు అందులో అద్భుతంగా ఉంటుంది. రెండు కార్డులు, కొన్ని గీరుళ్ళు, అంతే. అయిదు నిమిషాలకు పైగా ఆ నడక ఒక్కచోట సడలదు.

ఆ కుర్రవాళ్ళను నిందించటం నా ఉద్దేశం కాదు. వాళ్ళు పేదవాళ్ళు, ఆ పాత బృందాన్ని ఆరాధించినవాళ్ళు. ఏడాది తిరక్కుండానే వాళ్ళూ వెళ్ళిపోయారు. కాని ఆ రికార్డు వినే అభ్యుదయ విమర్శకుడు రెండు సంగతుల్నీ ఒకేసారి వినాలి. ఒకటి, మనుషులు ఒకరినొకరు విని కలిసి పనిచేస్తే పుట్టే సౌందర్యం. రెండు, ఆ సౌందర్యాన్ని జీతమడిగినవాళ్ళ స్థానంలో వేరేవాళ్ళను నిలబెట్టి కూడా పుట్టించవచ్చుననే చేదు నిజం. కళలో ఐకమత్యం ఉన్నంతమాత్రాన జీవితంలో ఐకమత్యం ఉన్నట్టు కాదు. మొదటిది విని రెండోది మరిచిపోయేవాడు భావవాది. రెండోది తెలిసి మొదటిదాన్ని వినలేనివాడు యాంత్రికవాది. మన విమర్శలో ఈ రెండో రకం వాళ్ళు కూడా తక్కువేమీ కారు.

పైన చెప్పిన అభ్యంతరానికి సమాధానం ఇక్కడే ఉంది. రిథమ్ గిటారులో మెచ్చుకోవలసింది అణకువను కాదు, వినటాన్ని. అణకువ యజమాని కోరేది. వినటం తోటివాళ్ళు కోరేది. ఈ రెండూ బయటికి ఒకలాగే కనబడతాయి కనుక యజమానులు వీటిని కలిపి చెబుతారు. మనం విడదీసి చెప్పాలి.

విడదీయవచ్చుననటానికి మరో ఉదాహరణ మాల్కం యంగ్. స్కాట్లండులోని గ్లాస్గో నుంచి 1963లో ఆస్ట్రేలియాకు వలసవెళ్ళిన కార్మిక కుటుంబంలోని పిల్లవాడు. బడి మానేశాక ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పని చేశాడు. 1973లో తమ్ముడు ఆంగస్‌తో కలిసి సిడ్నీలో ఏసీ/డీసీ బృందాన్ని స్థాపించాడు. బడిపిల్లవాడి దుస్తుల్లో వేదికంతా గంతులు వేసేది తమ్ముడు. లోకానికి తెలిసిన ముఖం అతనిదే. అన్న వెనక డ్రమ్ముల పక్కన నిలబడి కుడిచెయ్యి మాత్రం ఆడిస్తూ ఉండేవాడు. గిటారు మీదుండే అదనపు పరికరాలు కూడా పీకేసి, ఉన్న ఒక్కదానితోనే వాయించాడు. శ్రోతలు అనుకునేంత గరగర అతని మోతలో లేదు. కార్డులో ప్రతి స్వరం విడివిడిగా వినబడుతుంది. 1980లో వచ్చిన "బ్యాక్ ఇన్ బ్లాక్" రికార్డును ఎడమవైపు స్పీకరు దగ్గర కూర్చుని వినండి. ఆ వైపున ఉన్నది మాల్కం. దెబ్బకూ దెబ్బకూ మధ్య అతను వదిలిన ఖాళీయే ఆ పాటకు బరువు ఇచ్చింది.

అయితే ఇతను వెనక నిలబడింది ఎవరో నిలబెడితే కాదు. బృందాన్ని నడిపించేది అతనే, పాటల రచనలో అతని పేరుంది, హక్కుల్లో వాటా ఉంది. 2014లో జబ్బుచేసి తప్పుకునేదాకా, బృందం ఏ దారిన నడవాలనే విషయంలో అతని మాట ముఖ్యంగా ఉండేది. 2017లో చనిపోయాడు. నోలెన్‌కూ ఇతనికీ పనిలో తేడా తక్కువ. పని పరిస్థితుల్లో తేడా ఎక్కువ. వెనకస్థానం తనంతట అవమానం కాదని మాల్కం ఉదాహరణ రుజువు చేస్తుంది. పేరూ హక్కూ లేని వెనకస్థానమే అవమానం.

అలాగని లయ మీద కూడా ఆస్తిహక్కు ఇచ్చేస్తే సమస్య తీరుతుందా? ఈ ప్రశ్నకు కూడా చరిత్ర కొంత జవాబు చెప్పింది. 1979లో షిక్ బృందం "గుడ్ టైమ్స్" పాట చేసింది. అందులో నైల్ రాడ్జర్స్ గిటారు, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బాస్ ఒకదాన్నొకటి అల్లుకుని నడుస్తాయి. రాడ్జర్స్ చిన్నతనంలో న్యూయార్క్‌లో బ్లాక్ పాంథర్ పార్టీలో పనిచేసినవాడు. అదే ఏడు ఆ నడక మీద మాటలు చెప్పి షుగర్‌హిల్ గ్యాంగ్ ఒక రికార్డు చేసింది; రాప్ పాటను దేశమంతా వినిపించిన రికార్డు అదే. రాడ్జర్స్, ఎడ్వర్డ్స్ దావా వేస్తామంటే వాళ్ళ పేర్లు రచయితల్లో చేర్చారు. ఇది న్యాయమే. కాని 2015లో మరో తీర్పు వచ్చింది. మార్విన్ గే 1977 నాటి పాట ధోరణిని 2013 నాటి ఒక పాట అనుకరించిందని లాస్ ఏంజెలెస్‌లో జ్యూరీ తేల్చింది. 2018లో పై కోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. యాభై లక్షల డాలర్లకు పైగా గే వారసులకు చేరవలసి వచ్చింది. వరస ఒకటి కాదు, మాటలు ఒకటి కావు. పాట నడకా వాతావరణమూ పోలి ఉన్నందుకే ఈ శిక్ష అని ఎందరో స్వరకర్తలు భయపడ్డారు.

ఈ దారి చివరిదాకా పోతే ఏమవుతుంది? బో డిడ్లీ దరువు అతను కనిపెట్టింది కాదు. డప్పులు లాక్కుంటే ఒళ్ళు వాయించుకున్న లక్షలాది అనామకులది అది. దాన్ని అతని పేర రాసేస్తే, రేపు అది అతని దగ్గర కొన్న కంపెనీ పేరున ఉంటుంది. ఊరుమ్మడి చెరువుకు కంచె వేసి ఒక రైతుకు పట్టా ఇవ్వటం తక్కిన రైతులకు న్యాయం కాదు. వాద్యకారుడికి కావలసింది లయ మీద పట్టా కాదు. తాను చేసిన పనికి పేరు, జీతం, అమ్మకంలో వాటా. లయ అందరిదీ, శ్రమ మాత్రం చేసినవాడిది. ఈ తేడాను స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత వామపక్ష విమర్శది. ఇతరులెవరూ చెప్పరు.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకోనక్కరలేదు. మద్రాసు స్టూడియోలలో దశాబ్దాలపాటు తయారయిన మన సినిమా పాటల సంగతి చూడండి. రికార్డు మీద గాయకుల పేర్లుంటాయి, కవి పేరుంటుంది, సంగీత దర్శకుడి పేరుంటుంది. గిటారు ఎవరు వాయించారో, తబలా ఎవరు వాయించారో సాధారణంగా ఉండదు. ఆ వాద్యకారుల్లోంచే వచ్చినవాడు ఇళయరాజా. తమిళనాడులో అన్న పావలర్ వరదరాజన్ కమ్యూనిస్టు పార్టీ సభల్లో పాటలు పాడుతుంటే ఆ బృందంలో చిన్నప్పుడు తిరిగినవాడు. తర్వాత మద్రాసులో ఇతరుల ఆర్కెస్ట్రాలలో, సలిల్ చౌధురి దగ్గర కూడా, గిటారు వాయించాడు. అతను సంగీత దర్శకుడయ్యాడు కనుక అతను గిటారు వాయించిన సంగతి మనకు తెలిసింది. కాకపోయినవాళ్ళ సంగతి? మన సినిమా సంగీతం మీద వచ్చిన విమర్శ అంతా రాగాల పేర్లు చెప్పటంతో, గాయకుడి గొంతును పొగడటంతో, కవి మాటల్ని విడదీయటంతో సరిపోయింది. పల్లవికీ చరణానికీ మధ్య పాటను మోసుకుపోయిన చేతుల్ని గురించి ఒక్క పేరా రాసినవాడు అరుదు.

ఈ లోపం సంగీత విమర్శకే పరిమితం కాదు. నాటకం గురించి రాస్తే నాయకపాత్రధారి గురించి రాస్తాం. ఉద్యమం గురించి రాస్తే వేదిక మీద మాట్లాడినవాడి గురించి రాస్తాం. పత్రిక గురించి రాస్తే సంపాదకుడి గురించి రాస్తాం. శ్రమే సంపదకు మూలమని నమ్మేవాళ్ళం మన విమర్శలో మాత్రం ఏకవ్యక్తి విన్యాసానికే దండలు వేస్తున్నాం. ఇది సిద్ధాంతం తెలియక వచ్చిన లోపం కాదు, చెవి అలవాటు పడక వచ్చిన లోపం. సిద్ధాంతం చదువుకుంటే వస్తుంది. చెవిని వేరుగా తయారుచేసుకోవాలి.

అందుకు రిథమ్ గిటారు మంచి పాఠశాల. మన అధ్యాపకులు, విద్యార్థులు ఈసారి ఏ పాట విన్నా ఒక పని చెయ్యాలని కోరుతున్నాను. గొంతును వదిలిపెట్టి, దాని కింద ఆగకుండా కదిలే చేతిని వెతకండి. అది దొరికాక ఆ చెయ్యి ఎవరిదో, ఆ పేరు ఎక్కడైనా అచ్చయిందో లేదో, ఆ పనికి ఏమిచ్చారో కనుక్కోండి. ఈ ప్రశ్నలు అడిగే అలవాటు మన విమర్శకు వచ్చిననాడు, వంత పాడటమనే మాటను తిట్టుగా వాడటానికి మనకే సిగ్గు వేస్తుంది.